మూడో టేకు

వీడియో నిడివి నలభై ఎనిమిది సెకన్లు. మూడు రోజుల్లో కోటి మందికి పైగా చూశారు. ఇన్‌స్పెక్టర్ మాత్రం ఉదయం నుంచీ మొదటి రెండు సెకన్ల దగ్గరే ఆగిపోయింది.

"ఇంకోసారి చూద్దామా, హీరో?"

బల్లకి అవతల కూర్చున్న కానిస్టేబుల్ ఆ పిలుపుకి ఇబ్బందిగా కదిలాడు. మూడు రోజులుగా లోకమంతా అతన్ని అలాగే పిలుస్తోంది. ఈ గదిలో, ఈవిడ నోట వింటే మాత్రం ముల్లు గుచ్చినట్టుంది. సొంత డిపార్ట్‌మెంటు మనుషుల మీద వచ్చే ఫిర్యాదులన్నీ చివరికి చేరేది ఆమె దగ్గరికే. వెనకాల అందరూ ఆమెని 'ఆకురాయి' అంటారు. గొంతు పెంచదు, తొందరపడదు. అడిగిందే అడిగి, అడిగిందే అడిగి, ఎంత గట్టివాడినైనా పొడి రాలేదాకా రాస్తుందని.

సంగతి చూస్తే చాలా చిన్నది. శనివారం మధ్యాహ్నం నీటి సరఫరా పంపుహౌస్ వెనకున్న మడుగులో ఒక మనిషి మునిగిపోతున్నాడు. రోడ్డు మీద డ్యూటీలో ఉన్న ఈ కానిస్టేబుల్ కేక విని పరుగున వచ్చి, దూకి, బయటికి లాగాడు. దారినపోయే వాళ్ళెవరో వీడియో తీసి పంపారు. నాలుగు గంటలకల్లా డిపార్ట్‌మెంటు పేజీలో పెట్టారు. ఈ సాయంత్రం ఐదింటికి కమిషనర్ చేతుల మీదుగా హీరోకి మెడల్.

గొంతులో వెలక్కాయ పడ్డట్టు, పొద్దున్నే ఒక ఫిర్యాదు వచ్చింది. మునిగిన మనిషి చెల్లెలు తెచ్చింది. ఆయనకి ఇంకా స్పృహ రాలేదు. ఫిర్యాదులో ఉన్నది ఒకటే ముక్క: 'మా అన్నయ్య ఇరవై ఏళ్ళుగా ఈత నేర్పే మాస్టారు. నిలువు లోతు కూడా లేని నీళ్ళలో ఎలా మునిగాడో చెప్పండి.'

'సాయంత్రంలోగా మూసేసి రండి' అని కమిషనర్ ఆఫీసు నుంచి చీటీ వచ్చింది.

"కేక వినపడ్డప్పుడు ఎక్కడున్నావు?"

"సిగ్నల్ దగ్గర మేడమ్."

"వినగానే పరుగెత్తావు."

"పరుగెత్తాను."

"బూట్లు ఎక్కడ విప్పావు?"

"గట్టు మీద మేడమ్."

"లేసులు విప్పావు. మేజోళ్ళు తీశావు. టోపీ, బెల్టు, ఫోను అన్నీ జాగ్రత్తగా పక్కన పెట్టావు. అవతల మనిషి ప్రాణం పోతుంటే."

"కంగారులో ఏం చేశానో గుర్తులేదు."

"పరవాలేదు. కెమెరాకి గుర్తుంది." ఆమె బొమ్మని ఆపి పెద్దది చేసి అతని వైపు తిప్పింది. సిమెంటు మెట్లు. పై మెట్టు మీద వట్టి కాళ్ళతో దూకబోతున్న కానిస్టేబుల్. అతని వెనక ఎండకి తెల్లగా మెరుస్తున్న మెట్ల మీద నాలుగైదు నల్లటి మచ్చలు. "ఇవేంటి?"

"నీళ్ళు మేడమ్."

"పాదాలు. తడి పాదాలు. వేళ్ళు ఎటున్నాయో చూడు. రోడ్డు వైపు. అంటే నీళ్ళలోంచి పైకొచ్చిన పాదాలు. నువ్వింకా దూకలేదు. ఆయన ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు. మరి పైకొచ్చిందెవరు?"

కానిస్టేబుల్ ఆ మచ్చల్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. నిజానికి కోటి మందిలో ఒక్కరూ వాటిని చూడలేదు. అందరి కళ్ళూ అతని మీదే.

"మేడమ్, నేను దూకింది నిజం. ఆయన్ని బయటికి లాగింది నిజం. మా పిల్లల మీద ఒట్టు."

"ఆ రెండు నిజాలూ ఒకేసారి జరిగాయా?"

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమెకి జాలి కలిగింది. కానీ జాలి పడితే ఈ గదిలో పని జరగదు. జీవితంలో ఎప్పుడో గానీ చెయ్యని పని ఆ పూట చేసింది. బల్ల మీద అరచేత్తో గట్టిగా కొట్టి అరిచింది.

"నువ్వు ఎవర్నీ కాపాడలేదు! నాటకం ఆడావు!"

"కాపాడాను!" అతను లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ ముందుకి చాచాడు. చొక్కా చేతులు పైకి జరిగాయి. అరచేతుల మీద తోలు లేచిపోయి కట్లు. మోచేతుల కింద అడ్డంగా కమిలిన చారలు, ఒకదాని పక్కన ఒకటి, చువ్వలకి అదిమినట్టు. ఆమె ఆ చారల వైపు చూడడం గమనించగానే అతను చేతులు కిందికి దించేశాడు.

"వీడియోలో నువ్వు చువ్వలేవీ పట్టుకోలేదే?" అందామె మెల్లగా.

అతను జవాబిచ్చేలోగా తలుపు తెరుచుకుంది.

"అయిందా? మా హీరో యూనిఫాం ఇంకా ఇస్త్రీ కావాలి."

వచ్చినవాడు మీడియా సెల్ ఇన్‌ఛార్జి. అతనూ ఇన్‌స్పెక్టరే, ఆమెతో ఒకే బ్యాచిలో ట్రైనింగు అయినవాడు. అప్పట్లో పరుగుపందెంలో మొదటి స్థానం కోసం ఇద్దరూ ఒకళ్ళ కాళ్ళకి ఒకళ్ళు అడ్డం పడినంత పనిచేశారు. ఇప్పుడు అతను పరుగెత్తేది ఫోన్లో అంకెల వెనక. స్టేషన్లలో అతనికి 'లైకుల్రాజు' అనే పేరుంది. అది తెలిసీ అతనికి కోపం రాదు.

కానిస్టేబుల్‌ని బయటికి పంపి ఆమె తలుపు మూసింది. "వీడియో తీసిందెవరు?"

"దారినపోయే పౌరుడు."

"పేరు?"

"చెప్పకూడదు. ఆయన వివరాలు గోప్యం."

"ఒరిజినల్ ఫైలు?"

"పేజీలో ఉన్నదే ఒరిజినల్."

"ఆ దారినపోయే ఆయన చెయ్యి గొప్పది. కళ్ళముందు మనిషి చచ్చిపోతుంటే వెంట్రుకవాసి కూడా వణకలేదు."

రాజు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వేళాకోళం మానేసి, నిజంగానే అలిసిన మనిషిలా మాట్లాడాడు. "పోయినేడాది లాఠీ వీడియో గుర్తుందా? స్టేషన్ వరండాలో ఒక మెకానిక్ కుర్రాణ్ణి ఎస్సై చావబాదాడు. ఎదురు మేడ మీద నుంచి ఎవడో తీసి వదిలాడు. కుర్రాడు పోయాడు. స్టేషన్ల మీద రాళ్ళు పడ్డాయి. మనవాళ్ళు యూనిఫాం సంచీలో దాచుకుని డ్యూటీకి వచ్చారు. మీ పాప బళ్ళో అమ్మ ఏం చేస్తుందంటే గుమాస్తా అని చెప్పింది. నువ్వే చెప్పి ఏడిచావు నా దగ్గర."

ఆమె తెర మీద ఆగిన బొమ్మ మీంచి చూపు తిప్పలేదు.

"ఆ ఎస్సైని డిస్మిస్ చేశామని పేజీలో ప్రకటించాం. తిట్లు తప్ప ఏమీ రాలేదు. శనివారం నుంచి పిల్లలు కానిస్టేబుళ్ళ బొమ్మలు గీసి పంపుతున్నారు. ఒక ముసలావిడ స్టేషన్‌కి పూలు తెచ్చిందట. దీన్ని నువ్వు పాడుచేస్తావా?"

"స్పృహ లేకుండా పడున్న మనిషి సంగతి?"

"బతికే ఉన్నాడుగా." అతను లేచాడు. "ఐదింటిలోగా ఫైలు మూసెయ్యి. స్నేహితుడిగా చెప్తున్నా. జనం చూసేది నా పేజీని. నీ రిపోర్టుని కాదు."

*

పంపుహౌస్ గేటు దగ్గర మాస్టారి చెల్లెలు ముందే వచ్చి నిలబడి ఉంది. బడి బస్సు నడిపే మనిషి. నీలం కోటు మీద దుమ్ము, చేతిలో తాళాల గుత్తి. పొద్దున ట్రిప్పు దించేసి నేరుగా వచ్చిందట.

"మీరు రాకూడదు. ఇది విచారణ," అంది ఇన్‌స్పెక్టర్.

"మునిగింది నా అన్న. నేను గేటు బయట నిలబడి ఏం చెయ్యను మేడమ్, ఎండ లెక్కపెట్టనా?"

ఇన్‌స్పెక్టర్‌కి ఆమె తీరు నచ్చింది. లోపలికి రానిచ్చింది.

మడుగు చిన్నది. కాలవ నీళ్ళు ఒక పక్క నుంచి వచ్చి నిలుస్తాయి. ఎదుటి గోడ అడుగున ఇనప చువ్వల కిటికీ ఉంది. మోటార్లు వేస్తే నీళ్ళు దాంట్లోంచి లోపలికి పోతాయి. మెట్లు ఇవతల చివర, చువ్వలు అవతల చివర. వీడియోలో జరిగిందంతా మెట్ల దగ్గరే. ఇన్‌స్పెక్టర్ ఫోన్లో బొమ్మ పట్టుకుని, ముందుకీ వెనక్కీ నడిచి, చివరికి తలెత్తింది. అంత ఎత్తు నుంచి, ఆ వాలులో కనిపించాలంటే పంపుహౌస్ ఇనప మెట్ల మీదున్న చప్టా ఒక్కటే చోటు. దాని గేటుకి తాళం.

"ఇది ఎప్పుడూ వేసే ఉంటుందా?"

"ఎప్పుడూ అమ్మా," అన్నాడు పంపుహౌస్ ఆపరేటరు. నడివయసు మనిషి. వాళ్ళు వచ్చినప్పటి నుంచీ కండువాతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు.

"మరి దారినపోయేవాడు పైకెలా వెళ్ళాడు?"

ఆపరేటరు జేబులోంచి తాళంచెవి బయటికి లాగాడు. తాళం తీశాడు. చప్టా మీద పావురాల రెట్ట, దుమ్ము పేరుకుపోయి ఉన్నాయి. ఆ దుమ్ములో మూడు గుండ్రటి గుర్తులు, ముక్కోణంలా.

"కెమెరా స్టాండు," అంది చెల్లెలు.

"అవును. తీరిగ్గా నిలబెట్టి తీశారు." ఇన్‌స్పెక్టర్ ఫోటో తీసుకుంది. తడి పాదాల సంగతి ఇప్పుడు తేలిపోయింది. ఒకసారి దూకారు. సరిగ్గా రాలేదు. పైకొచ్చి, పొడి యూనిఫాం వేసుకుని మళ్ళీ దూకారు. పేజీలో పెట్టింది రెండోసారి తీసింది. మునగడానికి ఈత మాస్టారినే ఎందుకు పిలిచారో కూడా తెలిసిపోయింది. మునిగినట్టు నటించాలంటే బాగా ఈదగలిగినవాడైతేనే ప్రమాదం ఉండదు.

మరి ప్రమాదం ఎక్కడ జరిగింది?

ఆమె దిగి, గోడ వెంబడే నడిచి చువ్వల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. నీటి మట్టానికి కొంచెం కింద, ఒక చువ్వ మేకుకి ఖాకీ పీలిక చుట్టుకుని ఉంది. లాగింది. దాంతోపాటు ఒక గుండీ వచ్చింది. యూనిఫాం గుండీ.

"మాస్టారు ఇక్కడ ఇరుక్కున్నాడు," అందామె లేచి. "నీళ్ళు లాగితే చువ్వలకి అతుక్కుపోయాడు. కానిస్టేబుల్ ఇక్కడికి వచ్చి పెనుగులాడాడు. అప్పుడు మోటార్లు వేసి ఉన్నాయి. వేసిందెవరు?"

ఆపరేటరు గబుక్కున కూలబడ్డాడు. "నన్ను ఇందులోకి లాగొద్దమ్మా. ఫోనొచ్చింది ఆపాను. ఫోనొచ్చింది వేశాను. అంతే."

"నిదానంగా చెప్పు."

"శనివారం రెండింటికి మీ వాళ్ళే చేశారు. షూటింగు ఉంది, గంటసేపు మోటార్లు ఆపి, పైగేటు తాళం తియ్యమన్నారు. తీశాను. మూడుంపావుకి ఇంకో ఫోనొచ్చింది. అందరూ వెళ్ళిపోయారు, వేసెయ్ అన్నారు. మోటార్ల గదికి కిటికీ కూడా లేదమ్మా. వేశాను. కాసేపటికి బయట కేకలు. గుండె ఆగినంత పనైంది. వెంటనే ఆపేశాను. నోరెత్తితే తప్పు నాదే అవుతుందన్నారు."

"రెండో ఫోను చేసింది కూడా అదే మనిషా?"

"గొంతు వేరమ్మా. నంబరూ వేరు." అతను తన ఫోను తీసి చూపించాడు. మొదటిది సెల్ నంబరు, లైకుల్రాజుది. రెండోది ల్యాండ్‌లైను.

ఆ నంబరు ఎవరిదని ఆమె ఎవర్నీ అడగనక్కర్లేదు. వారానికోసారి రిపోర్టు చెప్పడానికి తన వేళ్ళతో తనే నొక్కే నంబరు. కమిషనర్ క్యాంపు ఆఫీసు.

నీళ్ళలో మనుషులుండగా 'వెళ్ళిపోయారు' అని ఎందుకు చెప్పారు? తెలియకా? తెలిసా?

"మేడమ్," అంది చెల్లెలు. మెట్టు మీద కూర్చుని ఉంది. చేతిలో తాళాలు గలగలమంటున్నాయి. "పొద్దున మీకు చెప్పనిది ఒకటుంది. భయమేసి దాచాను. పోయినేడాది ఆ లాఠీ వీడియో తీసింది మా అన్నయ్యే."

ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"స్టేషనుకి ఎదురు మేడ మీదే అప్పట్లో మేముండేది. అన్నయ్య మొత్తం తీశాడు. బయటపెట్టింది సగమే. రెండో సగంలో ఎస్సై కొడుతుంటే వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తున్న పెద్దాయన కూడా ఉన్నాడు. అది పెడితే మనం బతకం అన్నాడు అన్నయ్య. వారం కిందట ఎవరో ఇద్దరు ఇంటికొచ్చారు. నువ్వెవరో మాకు తెలుసు, డిపార్ట్‌మెంటుకి మంచిపేరొచ్చే చిన్న వీడియోలో నటించు, పాత గొడవ మర్చిపోతాం అన్నారు. అన్నయ్య ఎంత సంబరపడ్డాడో మేడమ్. పీడ విరగడైందే చెల్లీ అన్నాడు."

"కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఎవరు?"

"సాయంత్రం మెడల్ ఇచ్చేది ఆయనే."

ఇన్‌స్పెక్టర్ ఫోను చాలాసేపటి నుంచీ జేబులో వణుకుతూనే ఉంది. ఇప్పుడు తీసి చూసింది. అత్తగారు.

"అమ్మాయ్, నువ్వు ఆ పిల్లాణ్ణి ఏడిపించావటగా? పక్కింటావిడ ఫోన్లో చూపించింది. ఆ బల్ల గుద్దడం నువ్వే, సందేహం లేదు. కూర మాడినప్పుడు నేను చూడందా?" నవ్వబోయి ఆవిడ గొంతు మారింది. "అది కాదే. ఆ వీడియో కింద జనం చాలా పాడుమాటలు రాస్తున్నారు. ఎవడో మన పాప బడి పేరు రాశాడు. ఏ తరగతో కూడా రాశాడు. నేను టాక్సీ ఎక్కేశాను, పాపని తీసుకుని మా తమ్ముడింటికి పోతున్నాను. నువ్వు ఇటు తిరిగి చూడకు, నీ పని చూసుకో."

ఆమె ఆ వీడియో తెరిచింది. ఊరూ పేరూ లేని ఖాతా. తొమ్మిది సెకన్లు. పొద్దుటి గది, గోడమీది కెమెరా నుంచి. తాను బల్ల మీద కొడుతోంది. 'నువ్వు ఎవర్నీ కాపాడలేదు! నాటకం ఆడావు!' అక్కడితో కత్తిరించేశారు. 'హీరోని హింసిస్తున్న ఆఫీసరు' అని పైన రాసి ఉంది. అప్పటికే లక్షలు దాటింది.

ఆ గది కెమెరా రికార్డింగు ఒక్క మీడియా సెల్ దగ్గరే ఉంటుంది.

*

ఐదింటికి ఇంకా పది నిమిషాలుండగా ఆమె మీడియా సెల్ తలుపు తోసింది. వెనకే చెల్లెలు. గది నిండా తెరలు. అన్నిటిలోనూ ఒకటే వేదిక, మైకు, పూలదండలు. రాజు ఒక్కడే చెవికి హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నాడు. మిగతావాళ్ళంతా వేదిక దగ్గర ఉన్నారు.

"నా కూతురి బడి పేరు రాసింది నువ్వేనా?"

అతను తుళ్ళిపడ్డాడు. "బడి పేరా? ఒట్టు, నాకు తెలీదు. క్లిప్పు వదలమని పైనుంచి చెప్పారు, వదిలాను. పాప జోలికి నేను పోతానా?"

"నువ్వు తలుపు తెరిచావు. దూరినవాడు ఎవడైతేనేం?" ఆమె ఫోను అతని ముందు పెట్టింది. స్టాండు గుర్తులు. చువ్వకి చిక్కిన పీలిక. ఆపరేటరు ఫోన్లో రెండు నంబర్లు. "మొదటిది నీది. రెండోది ఎవరిదో చదువు."

అతను చదివాడు. మళ్ళీ చదివాడు. హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆపరేటరు పొరపాటున వేశాడనుకున్నాను," అన్నాడు చిన్నగా. "మూడు రోజులుగా అదే అనుకుంటున్నాను. రెండో టేకు బ్రహ్మాండంగా వచ్చింది. సర్దేసుకుంటున్నాం. కమిషనర్ సార్ ఫోన్ చేశారు. ఆ చువ్వల గోడ పక్కనుంచి ఇంకోటి తియ్యి, బాగుంటుంది అన్నారు. సరేనని మాస్టారిని అటు ఈదమన్నాను. కెమెరా ఇంకా దించుతున్నాం, ఒక్కసారిగా నీళ్ళు లాగేశాయి. మా హీరో ఎవరూ చెప్పకుండానే దూకాడు. మోటారు ఆగేదాకా మాస్టారి తల నీళ్ళ పైకెత్తి పట్టుకున్నాడు. చేతులు చీరుకుపోయాయి. దానికి వీడియో లేదు."

రెండు నిజాలు. కానిస్టేబుల్ పొద్దున చెప్పింది అక్షరాలా నిజమే. కోటి మంది చూసింది ఒకటి, జరిగింది మరొకటి.

"మాస్టారిని ఎంపిక చేసిందెవరు?"

"సారే పంపారు. ఈత బాగా వచ్చు అన్నారు."

"లాఠీ వీడియో తీసింది ఈయనే. సార్ కూర్చుని చూసిన సగం ఇంకా ఈయన దగ్గరే ఉంది."

రాజు ముఖంలో నెత్తురు చుక్క లేదు. తెరల మీద చప్పట్లు మోగాయి. కమిషనర్ వేదిక ఎక్కాడు. కానిస్టేబుల్ మెడలో మెడల్ వేశాడు. అతను కట్లు కట్టిన చేతులు వెనక్కి పెట్టుకుని, తప్పు చేసిన పిల్లాడిలా నేలచూపులు చూస్తున్నాడు. కమిషనర్ మైకు అందుకున్నాడు. మంచి గొంతు, తండ్రిలా.

"ఇంకో శుభవార్త. ఆ ఈత మాస్టారి బాధ్యత ఇకనుంచి మన డిపార్ట్‌మెంటుదే. పెద్దాసుపత్రికి మారుస్తున్నాం. అంబులెన్సు ఇప్పుడే బయల్దేరింది."

మళ్ళీ చప్పట్లు.

"మారుస్తున్నారా?" చెల్లెలు అరిచింది. "ఎవర్నడిగి? నేను సంతకం పెట్టలేదే!" అప్పటికే ఆసుపత్రికి ఫోన్ చేస్తోంది. వింటూ వింటూ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "పోలీసులొచ్చి అరగంట కిందటే తీసుకెళ్ళారట మేడమ్. తోడు నర్సుని కూడా రానివ్వలేదట."

ఇన్‌స్పెక్టర్ కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసింది. అవతలి గొంతు మర్యాదగానే చెప్పింది, మధ్యాహ్నం నుంచి ఆమె ఆదేశాలు తీసుకోవద్దని పైనుంచి మాట వచ్చిందని. ఫోను కిందికి దించింది. ఒక్క జీపు లేదు, ఒక్క మనిషి లేడు. ఏ దారిన పోయారో కూడా తెలీదు.

"బండి ఫోటో ఉంది," అన్నాడు రాజు. "బయల్దేరేటప్పుడు మావాడు తీసి పంపాడు, పోస్టు పెట్టడానికి. నంబరు ప్లేటు కూడా కనిపిస్తోంది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పాతికేళ్ళ కిందట పరుగు మొదలయ్యే గీత మీద చూసుకున్నట్టు.

"కిడ్నాప్ అని పెట్టు," అందామె.

"వద్దు. భయపెడితే జనం తప్పుకుని దారిస్తారు. ప్రేమ చూపించమంటే మీదపడతారు." అతని వేళ్ళు అప్పటికే కీబోర్డు మీద పరుగెడుతున్నాయి. ఆమె అతని భుజం మీదుగా చదివింది. 'మన హీరో కాపాడిన మాస్టారు ఈ అంబులెన్సులో ఉన్నారు. దారిలో కనిపిస్తే ఒక్క క్షణం ఆపి పలకరించండి. ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.' కింద బండి బొమ్మ. నొక్కేశాడు.

మొదటి నిమిషంలో దీవెనలు, దండాలు, పువ్వులు వచ్చిపడ్డాయి. చెల్లెలు గోళ్ళు కొరుకుతూ తెర మీదే చూపు పెట్టింది. తర్వాత ఒక ఫోటో వచ్చింది. అదే బండి. పెద్దాసుపత్రి ఉన్న దిక్కున కాదు, పాత రాళ్ళ క్వారీకి పోయే రోడ్డు మీద, రైలు గేటు దగ్గర. గేటు వేసి ఉంది. ఇంకో ఫోటో. బండి చుట్టూ పదిమంది. ఇంకో ఫోటో. యాభై మంది. ఎవరో ఆవిడ పూలగుత్తి ఎత్తి పట్టుకుంది.

"మా బస్సు!" అంది చెల్లెలు. అంబులెన్సుకి అడ్డంగా పసుపు రంగు బస్సు ఆగి ఉంది. "మా డ్రైవరన్న ఆ రూటే. కదలడు. నేను చెప్పేదాకా కదలడు." వెంటనే అతనికి ఫోన్ కలిపింది.

అప్పుడు వచ్చింది ఆ వీడియో. ఎవరో ఫోను కిటికీ అద్దానికి ఆనించి తీశారు. లోపల మంచం మీద మాస్టారు. పక్కన యూనిఫాంలో ఒక మనిషి. ఆక్సిజన్ మాస్కు మాస్టారి ముఖం మీద లేదు. ఆ మనిషి చేతిలో ఉంది. అతను తలతిప్పాడు. అద్దానికి అతుక్కున్న ఫోన్లన్నిటినీ ఒకటొకటిగా చూశాడు. తర్వాత, చాలా నిదానంగా, మాస్కుని తిరిగి మాస్టారి ముఖం మీద పెట్టి చిరునవ్వు నవ్వాడు.

ఇన్‌స్పెక్టర్ ఆ బొమ్మని అక్కడే ఆపింది.

"ఇతను..." అన్నాడు రాజు.

"లాఠీ ఎస్సై," అందామె. ఏడాది కిందట డిస్మిస్ చేశామని ఇదే పేజీలో, ఇదే గదిలోంచి ప్రకటించిన మనిషి. భుజం మీద నక్షత్రాలతో సహా ఉన్నాడు. ఒక్క రోజు కూడా ఉద్యోగంలోంచి తీయలేదన్నమాట.

"నేనే రాశాను ఆ ప్రకటన," అన్నాడు రాజు.

"అన్నయ్య కదిలాడు!" చెల్లెలు తెర దగ్గరికి ఉరికింది. "చెయ్యి చూడండి, వేలు కదిలింది!" మరుక్షణం తాళాలు పట్టుకుని తలుపు వైపు పరుగెత్తింది. ఇన్‌స్పెక్టర్ ఆమె వెనకే అడుగు వేసింది.

బల్ల మీద ఎర్ర ఫోను మోగింది. వేదిక చూపిస్తున్న తెరల్లో కమిషనర్ కుర్చీ ఖాళీగా ఉంది.

రాజు ఎత్తాడు. కాసేపు విన్నాడు. "సార్... సార్... అలాగే సార్," అని పెట్టేశాడు.

"పోస్టు తీసెయ్యమంటున్నారు. పేజీ మొత్తం ఆపెయ్యమంటున్నారు. ఇక్కడికి మనుషుల్ని పంపుతున్నారు."

పోస్టు తీసేస్తే ఆ రైలు గేటు దగ్గర యాభై మంది ఐదుగురవుతారు. ఫోన్లు జేబుల్లోకి పోతాయి. ఆ ఎస్సై చెయ్యి మళ్ళీ మాస్కు మీదికి పోతుంది. ఆమె గుమ్మంలోనే ఆగి వెనక్కి చూసింది.

"తీస్తావా?"

"నేను తియ్యను. వాళ్ళు తియ్యలేరు." అతను తెరకేసి చూస్తూనే లేచి, తలుపు గడియకి అడ్డం పెట్టడానికి కుర్చీ లాగాడు. "పాస్‌వర్డ్ ఇప్పుడే మార్చాను. నాకు తప్ప ఎవరికీ తెలీదు. నువ్వు వెళ్ళు. వాళ్ళు మెట్లెక్కుతున్నారు."